చంటిబిడ్డకు యాంటీబయాటిక్ వాడాల్సి వస్తే: మందు వేయడం, రాసిపెట్టడం, బరువు గమనించడం ఎలా?

హన్మకొండలో పిల్లల దవాఖానను ఆనుకుని ఉన్న మందుల షాపులో ఫార్మసిస్టుగా పనిచేస్తున్న నన్ను తల్లిదండ్రులు కొన్నేళ్ళుగా రెండు ప్రశ్నలే మళ్ళీ మళ్ళీ అడుగుతున్నారు. "మా బాబుకు నాలుగో నెలలో యాంటీబయాటిక్ వాడినం, రెండేళ్ళకే లావైతున్నడు, ఆ మందు వల్లనేనా అన్నా?" అనేది మొదటిది. "చిన్నప్పుడు ఈ మందులు వాడితే పెద్దయ్యాక ఊబకాయం వస్తదట గదా, ఈ సీసా సగంలోనే ఆపేయాల్నా?" అనేది రెండోది. రెండోదానికి జవాబు ముందే చెబుతున్నాను: డాక్టరు బిడ్డను చూసి రాసిన మందును బరువు భయంతో ఆపవద్దు. మొదటిదానికి జవాబు దొరకాలంటే మీ చేతిలో కొన్ని వివరాలు రాసి ఉండాలి, అవి చాలా ఇళ్ళలో ఉండవు. అందుకే ఈ పద్ధతిని మొదటి నుంచి చివరి దాకా రాస్తున్నాను.

భయం ఎక్కడి నుంచి వచ్చిందో క్లుప్తంగా చెప్పి ముందుకు వెళ్తాను. కోళ్ళకు, పశువులకు దాణాలో కొద్ది మోతాదులో యాంటీబయాటిక్ కలిపితే అవి త్వరగా బరువెక్కుతాయని 1950 ప్రాంతం నుంచే పెంపకందారులకు తెలుసు. న్యూయార్క్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2012లో, 2014లో ఎలుకపిల్లలపై చేసిన ప్రయోగాల్లో కూడా, చిన్న వయసులోనే తక్కువ మోతాదు యాంటీబయాటిక్ పడిన వాటి ఒంట్లో కొవ్వు ఎక్కువగా చేరింది. పేగుల్లోని మేలు చేసే సూక్ష్మజీవులు దెబ్బతినడమే దీనికి కారణమని వారు చూపించారు. మనుషుల పిల్లల్లో మాత్రం లెక్క అంత సూటిగా లేదు. అమెరికాలోని ఫిలడెల్ఫియాలో 64 వేల మందికి పైగా పిల్లలను పరిశీలించి 2014లో ప్రకటించిన అధ్యయనంలో, రెండేళ్ళ లోపు నాలుగు అంతకు మించి సార్లు యాంటీబయాటిక్ వాడిన పిల్లల్లో ఊబకాయం కొంత ఎక్కువగా కనిపించింది. అదే నగరంలో 38 వేల మందికి పైగా పిల్లలతో, జంటలో ఒకరు మందు వాడి మరొకరు వాడని కవలలతో కూడా, చేసి 2016లో ప్రకటించిన అధ్యయనంలో తొలి ఆరు నెలల్లో వాడిన మందుకూ బరువుకూ చెప్పుకోదగ్గ సంబంధం కనిపించలేదు. 3.6 లక్షల మంది పిల్లల వివరాలతో 2018లో వచ్చిన పెద్ద అధ్యయనంలో ఐదేళ్ళ వయసులో తేడా ఉంది గానీ అది చాలా స్వల్పం. 2021లో ఫిన్లాండ్ పరిశోధకులైతే పుట్టిన రెండు వారాల్లోపు యాంటీబయాటిక్ పడిన మగపిల్లలు ఆ తర్వాత బరువులోనూ ఎత్తులోనూ కొద్దిగా వెనుకబడ్డారని గమనించారు. ఇవన్నీ చదివిన తర్వాత నేను నిలబడ్డ చోటు ఇది: అవసరమైన ఒక్క కోర్సు గురించి మీరు కుమిలిపోవలసిన పని లేదు, అవసరం లేకుండా పదే పదే పడే కోర్సులను మాత్రం తప్పకుండా తగ్గించాలి.

ముందుగా సిద్ధం చేసుకోవలసినవి

ఎంసీపీ కార్డు అని పిలిచే తల్లీబిడ్డల రక్షణ కార్డు, ఒక చిన్న నోటుబుక్కు, డిజిటల్ థర్మామీటరు, మి.లీ. గీతలున్న నోటి సిరంజి లేదా మందుతో వచ్చిన కొలత మూత, సెకన్ల ముల్లున్న గడియారం లేదా ఫోను, కాచి చల్లార్చిన నీళ్ళు ఉంటే చాలు. తూకం కొనవలసిన అవసరం లేదు, మీ అంగన్‌వాడీ కేంద్రంలో ఉంటుంది. ఇంట్లోని టీస్పూన్లను మాత్రం ఈ పనికి వాడకండి, ఒక్కో చెంచాలో ఒక్కో కొలత పడుతుంది.

1. ముందు జబ్బు ఎలాంటిదో చూడండి

మామూలు సర్ది వైరస్ వల్ల వస్తుంది. యాంటీబయాటిక్ బాక్టీరియాను చంపే మందు, వైరస్ మీద పనిచేయదు. ముక్కు కారడం వారం పది రోజులు, దగ్గు రెండు మూడు వారాల దాకా ఉండవచ్చు, చీమిడి పచ్చగా మారినంత మాత్రాన మందు కావాలని కాదు. పిల్లల్లో నీళ్ళ విరేచనాలు కూడా ఎక్కువగా వైరస్‌లవే. ఓఆర్‌ఎస్, జింకు సరిపోతాయి.

కొన్ని లక్షణాలు కనిపిస్తే మాత్రం ఇంట్లో ఆగకూడదు. రెండు నెలల లోపు బిడ్డకు చంకలో కొలిచినప్పుడు 99.5 డిగ్రీల ఫారన్‌హీట్ లేదా అంతకు మించి ఉన్నా, ఒళ్ళు చల్లబడి 95.9 కంటే తగ్గినా, పాలు తాగడం మానినా, మూర్ఛ వచ్చినా, మగతగా పడి ఉన్నా, ఊపిరి తీసేటప్పుడు డొక్క లోపలికి లాగుతున్నా రాత్రయినా సరే దవాఖానకు తీసుకుపోవాలి. వరంగల్‌లో ఎంజీఎం ఉంది, దూరపు ఊళ్ళలో ఉంటే దగ్గరి ప్రభుత్వ దవాఖానకు 108లో వెళ్ళండి. అలాంటి బిడ్డకు తొలి గంటల్లో పడే యాంటీబయాటిక్ ప్రాణం నిలబెడుతుంది, ఆ సమయంలో బరువు గురించిన ఆలోచనే రాకూడదు.

ఊపిరి లెక్కించడం నేర్చుకోండి. బిడ్డ ఏడవకుండా ఉన్నప్పుడు, వీలైతే నిద్రలో, చొక్కా పైకి జరిపి పొట్ట పైకి లేచిన ప్రతిసారి ఒకటి చొప్పున నిండా 60 సెకన్లు లెక్కపెట్టండి. రెండు నెలల లోపు బిడ్డకు 60 గానీ, రెండు నెలల నుంచి ఏడాది లోపు 50 గానీ, ఏడాది నుంచి ఐదేళ్ళ లోపు 40 గానీ, అంతకు మించి గానీ వస్తే న్యుమోనియా అనుమానంతో డాక్టరుకు చూపించాలి. చాలామంది పదిహేను సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణిస్తారు. పసిపిల్లల ఊపిరి ఒక్క తీరుగా ఉండదు కాబట్టి అలా చేస్తే లెక్క తప్పుతుంది.

2. డాక్టరును అడగవలసినవి అడగండి

అడిగితే కోప్పడతారేమోనని మీరు వెనుకాడుతారని నాకు తెలుసు. మర్యాదగా అడగండి: "సార్, ఇది యాంటీబయాటిక్‌తోనే తగ్గే జబ్బా? బాబు పరిస్థితిని బట్టి ఒకటి రెండు రోజులు చూసి మొదలుపెట్టవచ్చా? ఎన్ని రోజులు వేయాలి? ఏం కనిపిస్తే ముందే రావాలి?" పిల్లల వైద్యుల్లో చాలామంది ఈ ప్రశ్నలకు ఓపికగా జవాబిస్తారు. ఆగి చూడవచ్చునని వారంటే ఆగండి, వెంటనే మొదలుపెట్టాలంటే ఆ పూటే మొదలుపెట్టండి. ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించుకుని, పొట్లంలో పేరు లేని గోలీలు తెచ్చుకుంటే ఏ మందు పడిందో తర్వాత ఎవ్వరికీ తెలియదు. చంటిపిల్లల విషయంలో ఆ దారి పట్టకండి.

3. షాపులో సీసాను అక్కడే పరీక్షించండి

"పోయినసారి ఇచ్చిందే ఇయ్యి అన్నా, దానితోనే తగ్గింది" అనే మాట నేను వారంలో చాలాసార్లు వింటాను. తగ్గింది మందుతో కాకపోవచ్చు, ఆ సర్దికి తగ్గే రోజు వచ్చి ఉండవచ్చు. యాంటీబయాటిక్‌లను చీటీ లేకుండా అమ్మకూడదు. డబ్బా మీద నిలువుగా ఎర్ర గీత ఉంటే అది డాక్టరు చీటీ మీదే కొనవలసిన మందని గుర్తు, కేంద్ర ఆరోగ్యశాఖ 2016లో దీని గురించి ప్రత్యేకంగా ప్రచారం కూడా చేసింది. సెఫిక్సిమ్, సెఫ్‌పోడాక్సిమ్ వంటివి 2014 మార్చి నుంచి అమలులో ఉన్న షెడ్యూల్ హెచ్‌1 జాబితాలోకి వస్తాయి, వాటిని అమ్మినప్పుడు మేము వివరాలను రిజిస్టరులో రాసి మూడేళ్ళు దాచాలి.

చీటీలోని పేరుతో పాటు బలాన్ని, అంటే ఒక్కో కొలతలో ఎన్ని మి.గ్రా. మందు ఉందో కూడా సరిపోల్చుకోండి, ఎక్కువ పొరపాట్లు ఇక్కడే జరుగుతాయి. అమాక్సిసిలిన్ క్లావులనేట్ డ్రై సిరప్ 5 మి.లీ.లో 228.5 మి.గ్రా. ఉన్నదీ వస్తుంది, 457 మి.గ్రా. ఉన్నదీ వస్తుంది. అజిత్రోమైసిన్ 100, 200 అని రెండు రకాలు, సెఫిక్సిమ్ 50, 100 అని రెండు రకాలు. పోయినసారి 2.5 మి.లీ. వేశామని ఈసారి సీసా నుంచీ 2.5 వేస్తే సగమో, రెట్టింపో పడవచ్చు. చుక్కల మందు ఇంకా చిక్కగా ఉంటుంది. సిరప్ కొలతను చుక్కల మందుకు వాడిన ఒక తల్లి నా ముందే కన్నీళ్ళు పెట్టుకున్నది. బిడ్డకు ఏమీ కాలేదు గానీ, అప్పటి నుంచి నేను ప్రతి సీసా మీద కొలతను పెన్నుతో రాసి ఇస్తున్నాను. మీ షాపులో రాయకపోతే రాయమని అడగండి.

4. పొడి మందును కలపడం

మొదట మూత తీయకుండా సీసాను తట్టి అడుగున గట్టిపడిన పొడిని వదులు చేయండి. డబ్బాలో స్టెరైల్ నీళ్ళు ఇచ్చి ఉంటే అవే వాడండి, లేకపోతే కాచి పూర్తిగా చల్లారిన నీళ్ళు వాడండి. వేడి నీళ్ళు పోస్తే మందు బలం తగ్గుతుంది. గీతకు కొంచెం కిందిదాకా నీళ్ళు పోసి, మూత పెట్టి బాగా ఊపి, నురగ దిగేదాకా ఆగి, తర్వాత మిగిలిన నీళ్ళను సరిగ్గా గీత వరకు పోసి మళ్ళీ ఊపండి. నురగతోనే గీత చూస్తే నీళ్ళు తక్కువై మందు చిక్కగా మారుతుంది. పొడి మొత్తాన్ని ఒకేసారి కలపాలి, రేపటికని సగం పొడి దాచకూడదు. కలిపిన తేదీని సీసా మీద రాయండి.

కలిపాక ఎన్నాళ్ళు నిలుస్తుందో, ఫ్రిజ్‌లో పెట్టాలో వద్దో ప్రతి మందుకూ వేరుగా ఉంటుంది కాబట్టి డబ్బా మీద చదవండి. క్లావులనేట్ ఉన్నది ఫ్రిజ్‌లోనే ఉండాలి, ఏడు రోజులు దాటితే పారేయాలి. ఎండాకాలంలో రామగుండం, మంచిర్యాల వైపు రేకుల ఇళ్ళలో సీసాను అల్మారాలో ఉంచితే మందు నిలవదు. ఫ్రిజ్ లేనివారు ఆ సంగతి డాక్టరుకు ముందే చెబితే, వీలైన చోట నీళ్ళలో కరిగే మాత్రలు రాస్తారు. వాటిని వేసే పూటకే కొద్ది నీళ్ళలో కరిగించి పట్టవచ్చు, చల్లగా దాచవలసిన పని ఉండదు.

5. మందు వేయడం

ప్రతిసారి సీసాను ఊపండి. బిడ్డ తలను కొంచెం ఎత్తి, సిరంజిని బుగ్గ లోపలి వైపు పెట్టి కొద్దికొద్దిగా వదలండి. ముక్కు మూసి గుటకేయించడం ప్రమాదం. పాల సీసాలో కలిపితే బిడ్డ సగం వదిలేసినప్పుడు ఎంత మందు పడిందో మీకు తెలియదు. ఏడాది లోపు బిడ్డకు తేనెతో కలిపి నాకించడం అసలే వద్దు. వేసిన వెంటనే కక్కుకుంటే మళ్ళీ వేయాలా అన్నది మందును బట్టి, గడిచిన సమయాన్ని బట్టి ఉంటుంది కాబట్టి ఫోను చేసి అడగండి.

డాక్టరు ఐదు రోజులంటే ఐదు రోజులే. మూడో రోజు జ్వరం తగ్గిందని ఆపడం ఎంత తప్పో, సీసాలో మిగిలింది కదా అని ఎనిమిదో రోజు దాకా లాగడం కూడా అంతే తప్పు. మిగిలిన మందును చెల్లెలి బిడ్డకో, పక్కింటి పాపకో ఇవ్వకుండా పారబోయండి.

విరేచనాలు కొంచెం పలచబడవచ్చు. తల్లిపాలు ఆపకుండా ఇస్తే చాలావరకు మందు అయిపోగానే సర్దుకుంటుంది. రక్తం పడినా, ఒంటిమీద దద్దుర్లు లేచినా, పెదవులు వాచినా, ఊపిరి ఆడకపోయినా మందు ఆపి వెంటనే దవాఖానకు వెళ్ళండి. నేను మొదట ఆపవద్దన్న మాట ఇలాంటి సందర్భానికి వర్తించదు.

6. ఒక్క వరుస రాసిపెట్టండి

కోర్సు అయిన రోజే నోటుబుక్కులో ఇలా రాయండి: తేదీ, బిడ్డ వయసు, జబ్బు పేరు, మందు పేరు, బలం, ఎన్ని మి.లీ. ఎన్ని పూటలు, ఎన్ని రోజులు, ఏమైనా పడలేదా, ఆ నెల బరువు. ఉదాహరణకు: "ఆగస్టు 12, ఏడు నెలలు, చెవి చీము, అమాక్సిసిలిన్ 125, రోజుకు మూడు పూటలు, కొలత చీటీలో ఉంది, ఏడు రోజులు, పడింది, బరువు 7.4 కిలోలు." చీటీని, డబ్బా అట్టను ఫొటో తీసి ఫోనులో ఉంచండి. దవాఖానలో సూదుల ద్వారా ఇచ్చినవి డిశ్చార్జి కాగితంలో ఉంటాయి, వాటినీ ఎక్కించండి. ఈ వరుసలు ఏడాదిలో నాలుగైదు దాటితే నోటుబుక్కు తీసుకుపోయి పిల్లల డాక్టరుతో కూర్చుని మాట్లాడండి. అంతసార్లు జబ్బు ఎందుకు వస్తున్నదో, వాటిలో ఎన్నింటికి నిజంగా ఆ మందు అవసరమైందో వారికి అప్పుడు తెలుస్తుంది. టీకాల పేజీ కూడా చూపించండి. న్యుమోకాకల్, రోటావైరస్ టీకాలు ప్రభుత్వ దవాఖానల్లో ఉచితంగానే వేస్తారు, జబ్బు రాకపోతే మందు అక్కరే పడదు.

7. బరువు చూడటం

నెలకొకసారి, వీలైనంత వరకు ఒకే తూకం మీద, పాలు పట్టకముందు, చంటిబిడ్డను బట్టలు లేకుండా చూడాలి. తూకం ఖాళీగా ఉన్నప్పుడు సున్నా చూపుతున్నదో లేదో అంగన్‌వాడీ టీచరమ్మతో పాటు మీరూ చూడండి. మొలతాడు, కడియాలు, తడిసిన లంగోటి కలిస్తే పసిబిడ్డ లెక్కలో అది చిన్న తేడా కాదు. మేడారం మొక్కుకని బిడ్డను కాంటా మీద కూర్చోబెట్టి బెల్లం తూచినప్పుడు కనిపించిన సంఖ్యను కార్డులో ఎక్కించమని అడిగిన వారున్నారు. అది అమ్మవార్ల లెక్క, కార్డుకు పనికిరాదు. రెండేళ్ళ లోపు బిడ్డ పొడవును పడుకోబెట్టి, ఒకరు తల, ఒకరు మోకాళ్ళు పట్టుకుని కొలవాలి.

కార్డులో ఆ నెల గీత మీద చుక్క పెట్టి, పోయిన నెల చుక్కతో కలపండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణాల్లో నడిమి బరువు ఆరు నెలలకు మగబిడ్డకు 7.9, ఆడబిడ్డకు 7.3 కిలోలు, ఏడాదికి 9.6, 8.9, రెండేళ్ళకు 12.2, 11.5. ఈ సంఖ్యకు అటూ ఇటూ ఉండటం తప్పు కాదు, మీ బిడ్డ గీత తన దారిలో సాగుతున్నదా లేదా అన్నదే ముఖ్యం.

జబ్బు నెలలో గీత పడిపోవడం, తర్వాతి నెల నిటారుగా లేవడం సహజం, పోయిన బరువు తిరిగి రావడం అది. దాన్ని చూసి మందు వల్ల లావెక్కుతున్నాడని తిండి తగ్గించిన తల్లిదండ్రులను చూశాను, దయచేసి ఆ పని చేయకండి. విరేచనాల తర్వాత కనీసం రెండు వారాల పాటు రోజుకు ఒక పూట అదనంగా తినిపించాలి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో ఐదేళ్ళ లోపు పిల్లల్లో 31.8 శాతం మంది వయసుకు తగ్గ బరువు లేరు, కాబట్టి మన దగ్గర తిండి తగ్గించడం అనేది డాక్టరు చెబితే తప్ప ఇంట్లో తీసుకోకూడని నిర్ణయం.

వయసుకు బరువు పటం చూసి బిడ్డ లావా కాదా తేల్చలేరు, పొడవైన బిడ్డ బరువుగానే ఉంటాడు. ఎత్తుకు బరువు ఎంతో చూడమని టీచరమ్మను అడగండి, ఆమె ఫోనులోని పోషణ్ ట్రాకర్ యాప్‌లో అది తెలుస్తుంది. ఐదేళ్ళ లోపు పిల్లల్లో ఎత్తుకు బరువు పటంలో నడిమి గీతకు పైన ఉండే ప్లస్ 2 గీత దాటితే అధిక బరువు, ప్లస్ 3 దాటితే ఊబకాయం. రెండు మూడు నెలలు వరుసగా గీత పై గీతలను దాటుకుంటూ పోతే ప్లస్ 2 దాకా ఆగకుండానే చూపించండి.

ఇక్కడ నాయనమ్మలకు, అమ్మమ్మలకు ఒక విన్నపం. ఏడాది దాటి నడక వచ్చాక పిల్లలు సన్నబడినట్టు కనిపిస్తారు. అప్పటి నుంచి ఐదారేళ్ళ వరకు ఎత్తుతో పోలిస్తే ఒంట్లో కొవ్వు తగ్గుతూ రావడం ఆరోగ్య లక్షణమే. ఆ సన్నదనాన్ని చూసి ఆకలి టానిక్కులు, బిస్కెట్లు, చక్కెర పాలు మొదలుపెడితే బరువు ఎక్కడి నుంచి వచ్చిందో తర్వాత మందు మీదికి నెట్టలేం. అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతంలో గోధుమ, శనగపప్పు, పాలపొడి, నూనెతో పాటు చక్కెర కూడా ముందే ఉంటుంది, దానిలో మళ్ళీ చక్కెర కలపవలసిన అవసరం లేదు.

8. ఇప్పటికే చాలాసార్లు వాడేసిన వారు

పోయిన కోర్సులను వెనక్కి తీసుకోలేం, వాటి ప్రభావాన్ని కడిగేసే సిరప్ కూడా ఏదీ లేదు. మేలు చేసే బాక్టీరియా పొడులు వేస్తే తర్వాత బరువు పెరగదని నిరూపణ లేదు, నా షాపులో అవి ఉన్నా ఆ పని కోసం కొనవద్దనే చెబుతున్నాను. ఆరు నెలల వరకు తల్లిపాలు మాత్రమే, ఆ తర్వాత రెండేళ్ళు దాటే వరకు ఇంటి తిండితో పాటు తల్లిపాలు ఇవ్వండి. పప్పన్నం, గుడ్డు, ఆకుకూరలు, పండ్లు అలవాటు చేయండి.

పాత చీటీలు దొరకకపోతే మీరు మందులు కొన్న షాపుకు వెళ్ళి తేదీలు చెప్పి అడగండి, హెచ్‌1 మందులైతే మూడేళ్ళ వరకు రిజిస్టరులో దొరకవచ్చు. దొరికినంత వరకు నోటుబుక్కు మొదటి పేజీలో రాసి, ఆ కింద ఈ నెల బరువు, పొడవు రాసి, తారీకు వేయండి. వచ్చే నెల అదే తారీకుకు, అదే తూకం మీద, మళ్ళీ చూడండి.